ఊదా రంగు పోవాలా, రావాలా?

(తుంగతుర్తిలో రసాయనశాస్త్ర విద్యార్థులు, అధ్యాపకుల సభలో చేసిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)



సుబ్బారావుగారి గురించి మాట్లాడమంటే ఎవరైనా భీమవరంతోనే మొదలుపెడతారు. 1895 జనవరి 12న పుట్టడం, మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కడం, మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కంటగింపు కావడం, చివరికి ఎంబీబీఎస్ చేతికి రాక ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవడం. ఇవన్నీ మీరు చదివే ఉంటారు. నేను ఒక నీలం రంగు దగ్గర మొదలుపెడతాను. ఈ సభలో ఉన్న చాలామందికి రోజూ రంగులతోనే పని కాబట్టి.

ఆయన 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. రాత్రిళ్లు ఆస్పత్రిలో చిల్లర పనులు చేసి పొట్టపోసుకుంటూ, హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. అక్కడి సమస్య చూడ్డానికి చిన్నది. రక్తంలో భాస్వరం ఎంత ఉందో తొందరగా, నమ్మకంగా కొలవాలి. ఆమ్లద్రావణంలో ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపి, దాన్ని క్షయకరణం చేసే పదార్థం ఒకటి వేస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. ఫాస్ఫేట్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి చూస్తే లెక్క తేలిపోతుంది. 1925లో అచ్చయిన ఆ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ఇప్పటికీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్ పుస్తకాల్లో ఉంది.

నాకు పద్ధతి కంటే దాని తర్వాత జరిగింది ముఖ్యం. కండరం నుంచి తీసిన రసంలో భాస్వరం కొలవబోతే నీలం రావలసిన వేగంతో రాలేదు. మామూలు ఫాస్ఫేట్‌కు నిమిషాల్లో స్థిరపడే రంగు, ఇక్కడ మెల్లగా, చాలాసేపు పెరుగుతూనే ఉంది. మనలో ఎవరమైనా ఏం చేస్తాం? గాజుసామాను సరిగా కడగలేదనుకుని ఇంకోసారి కడుగుతాం. లేదంటే ఏదో ఒక నిమిషం దగ్గర రీడింగు తీసుకుని రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటాం. వాళ్లిద్దరూ ఆ ఆలస్యానికే కారణం వెతికారు. కండరంలో భాస్వరం ఇంకో పదార్థంతో ముడిపడి ఉందని, ఆమ్లంలో ఆ ముడి కొద్దికొద్దిగా విడిపోతోందని, విడిపోయినంత మేరకే రంగు వస్తోందని తేల్చారు. 1927లో బయటపడ్డ ఫాస్ఫోక్రియాటిన్ అదే. ఆ దారిలోనే 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నారు. కండరం ఏ శక్తితో కదులుతుందో అంతకుముందు పుస్తకాల్లో రాసినదంతా మార్చి రాయవలసి వచ్చింది.

ఇక మన బల్లల మీదికి వద్దాం.

మన కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ పరిశోధన చాలావరకు ఒకే దారిలో నడుస్తుంది. అసిటోఫినోన్ ఒకటి, బెంజాల్డిహైడ్ ఒకటి, ఇథనాల్, సోడియం హైడ్రాక్సైడ్. కలుపుతుంటే ద్రావణం చిక్కబడి పసుపుపచ్చని ముద్ద దిగుతుంది. ఐసు ముక్కల మీద పోసి, వడకట్టి, మళ్లీ స్ఫటికీకరించి, టీఎల్‌సీ ప్లేటు మీద ఒకే చుక్క వచ్చేదాకా శుద్ధి చేస్తాం. అది చాల్కోన్. దానికి హైడ్రజీన్ చేరిస్తే పైరజోలిన్. రింగు మీద ఒకచోట క్లోరిన్, ఇంకోచోట మెథాక్సీ పెడితే ఓ డజను పదార్థాలు తయారు. ఎన్ఎంఆర్, మాస్ బొమ్మలు బయటి నుంచి తెప్పించుకుంటాం. తర్వాత ‘యాంటీ ఆక్సిడెంట్, యాంటీ క్యాన్సర్ యాక్టివిటీ’ అని ఒక అధ్యాయం చేరుస్తాం. ఈ పనిని నేను చిన్నచూపు చూడను. పచ్చని ముద్దను శుద్ధమైన స్ఫటికంగా మార్చడం నేర్చినవాడికి ఏ ఫార్మా కంపెనీలోనైనా అన్నం దొరుకుతుంది. నా పేచీ అంతా ఆ చివరి అధ్యాయంతోనే.

యాంటీ ఆక్సిడెంట్ పరీక్షలో మనకు తెలిసిన పెద్దదిక్కు డీపీపీహెచ్. మామూలుగా స్వేచ్ఛా రాడికల్‌కు ఆయుష్షు తక్కువ, పుట్టీ పుట్టగానే దేనితోనో చర్య జరిపి మాయమవుతుంది. డీపీపీహెచ్ మాత్రం సీసాలో పొడిగా నిలవ ఉండే రాడికల్. 1922లో, అంటే సుబ్బారావుగారు ఓడ దిగిన ఏడాదే, జర్మనీలో గోల్డ్‌ష్మిట్, రెన్ దాన్ని తయారుచేశారు. దాంతో యాంటీ ఆక్సిడెంట్లను కొలవవచ్చని 1958లో బ్లోయ్ చూపించారు. మిథనాల్‌లో కరిగిస్తే ముదురు ఊదా. హైడ్రజన్‌నో ఎలక్ట్రాన్‌నో ఇవ్వగల పదార్థం కలిస్తే ఊదా విరిగి పసుపులోకి దిగుతుంది. చీకట్లో అరగంట ఉంచి, 517 నానోమీటర్ల దగ్గర కాంతి ఎంత పీల్చుకుందో చూస్తాం. రంగును సగానికి తగ్గించే మోతాదు ఐసీ50. పక్కన పోటీకి విటమిన్ సి.

ఈ పరీక్ష చవక, తేలిక, చూడముచ్చట. దాని చిక్కులు కూడా అక్కడే పుడతాయి. మన పదార్థానికే సొంత రంగు ఉండి, అది కూడా 517 దగ్గర కాంతిని పీల్చుకుంటే? పదార్థం ఉండి డీపీపీహెచ్ లేని బ్లాంక్ ఒకటి ప్రతి మోతాదుకూ పెట్టాలి. ఎంతమంది పెడతారో మీ రికార్డులే చెబుతాయి. రెండో చిక్కు తూకానిది. విటమిన్ సి అణుభారం 176. మీ పదార్థానిది 352 అనుకోండి. రెండింటి ఐసీ50 మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములే వస్తే ‘విటమిన్ సితో సమానం’ అని రాస్తారు. అణువుల లెక్కన మీది రెండింతలు చురుకైంది. ఒక్కోసారి లెక్క తిరగబడి, పదార్థం నిజానికి నాసిరకమైనా గొప్పదిలా కనబడుతుంది. మైక్రోమోలార్‌లో రాస్తే ఈ తకరారే ఉండదు. మూడోది అన్నింటికంటే పెద్దది. పరీక్ష జరిగింది మిథనాల్‌లో. మన ఒంట్లో పారేది మిథనాల్ కాదు. పారితే మరునాడు పేపర్లో పడతాం. మిథనాల్‌లో ఊదా విరగ్గొట్టిన అణువు పేగు దాటి, కాలేయం దాటి, కణం లోపలికి ఏ రూపంలో చేరుతుందో ఆ గాజు క్యువెట్ చెప్పదు.

ఇక క్యాన్సర్ పరీక్ష. 1983లో మోస్మాన్ ప్రవేశపెట్టిన ఎంటీటీ పద్ధతి. 96 గుంటల ప్లాస్టిక్ ప్లేటు. ప్రతి గుంటలో క్యాన్సర్ కణాలు. మీ పదార్థాన్ని డీఎంఎస్ఓలో కరిగించి వేరువేరు మోతాదుల్లో వేసి, ఒకటి రెండు రోజులు ఉంచి, తర్వాత పసుపుపచ్చ ఎంటీటీ పోస్తారు. బతికి ఉన్న కణాలు దాన్ని క్షయకరణం చేసి ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి. సూక్ష్మదర్శినిలో సూదిమొనల్లాంటి స్ఫటికాలు కనిపిస్తాయి. వాటిని కరిగించి 570 దగ్గర కొలుస్తారు. ఊదా తక్కువుంటే కణాలు చచ్చినట్టో, మందగించినట్టో.

ఒకసారి రెండు పరీక్షలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో ఊదా పోతే మనకు సంతోషం. రెండోదాంట్లో ఊదా రాకపోతే సంతోషం. ఎంటీటీ పసుపు నుంచి ఊదాకు మారేది క్షయకరణం వల్ల. మంచి యాంటీ ఆక్సిడెంట్ చేసే పనీ క్షయకరణమే. అంటే మీ పదార్థం నిజంగా బలమైన యాంటీ ఆక్సిడెంట్ అయితే, గుంటలో ఒక్క కణం బతికి లేకపోయినా అదే ఎంటీటీని ఊదాగా మార్చేయగలదు. చచ్చిన కణాలు బతికినట్టు కనబడతాయి. కణాల్లేని గుంటలో మీ పదార్థం, ఎంటీటీ మాత్రమే వేసి చూస్తే ఈ మోసం బయటపడుతుంది. ఖర్చు ఒక్క గుంట. ఒకే పదార్థానికి ఈ రెండు పరీక్షలూ చేసి రెండు పట్టికలూ పక్కపక్కనే అచ్చువేసేవాళ్లు ఈ ఒక్క గుంట పెట్టకపోతే ఆ రెండో పట్టికను నేను చదవను.

కణాల గురించి కూడా రెండు మాటలు. ఎంసీఎఫ్-7, హీలా, ఏ549 అని రోల్ నంబర్లలా రాసుకుపోతాం. హీలా కణాలు హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళవి. 1951లో బాల్టిమోర్ ఆస్పత్రిలో ఆమెను అడగకుండానే తీసినవి. అవి ఎంత జోరుగా పెరుగుతాయంటే, పక్క సీసాల్లోకి చొరబడి వేరే కణాల పేరుతో బతికేశాయి. కేబీ అని ఏళ్ల తరబడి వాడిన కణాలు నిజానికి హీలాయేనని తేలింది. రొమ్ము క్యాన్సర్‌దని వాడిన ఎండీఏ-ఎంబీ-435 చర్మపు మెలనోమా కణాలని తేలింది. కాబట్టి కణాలు ఎక్కడి నుంచి వచ్చాయో రాయాలి. పుణేలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ లాంటి చోటు నుంచి తెచ్చుకుంటే దానికో పుట్టుపూర్వోత్తరం ఉంటుంది. ‘మామూలు కణాలకు హాని లేదు’ అని రాసేందుకు హెచ్ఈకే-293 వాడటం ఇంకో అలవాటు. అడినోవైరస్ జన్యువులు చొప్పించి అదేపనిగా పెరిగేలా చేసిన కణాలవి. వాటిని మామూలు కణాలనడం ఎంతవరకు న్యాయమో మీరే ఆలోచించండి. ఫినాయిల్ చుక్క వేసినా ఎంసీఎఫ్-7 చస్తుంది. అందుకే చచ్చాయా అన్న ప్రశ్నతో ఆగకూడదు. ఎంత తక్కువ మోతాదుకు చచ్చాయి, దేనివల్ల చచ్చాయి, ఏవి చావకుండా మిగిలాయి అనేదాకా వెళ్లాలి.

చాల్కోన్లకు ఇంకో స్వభావం ఉంది. వాటి మధ్యలోని ద్విబంధం పక్కనే కీటోన్ ఉండటంతో, కణంలోని గంధకపు గుంపులు కనబడితే చాలు, అంటుకుంటుంది. ఒక ఎంజైమ్‌ను ఎంచుకోదు, దొరికినవాటన్నిటినీ పట్టుకుంటుంది. ఇలా ఏ పరీక్ష పెట్టినా నెగ్గే అణువుల జాబితాను 2010లో బేల్, హాలోవే తయారుచేశారు. మన పసుపులోని కర్కుమిన్‌కూ ఇదే జబ్బుందని 2017లో నెల్సన్ బృందం జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో సవివరంగా రాసింది. పసుపు మనకు పూజలో ఉంది, కూరలో ఉంది, గాయం మీద ఉంది. ఆ గౌరవం అలాగే ఉంచుకుందాం. కానీ గాజుగుంటలో నెగ్గిన కర్కుమిన్ ఇన్ని ప్రయోగాల తర్వాత కూడా మందుల షాపులో క్యాన్సర్ మందుగా ఎందుకు లేదో ఆ వ్యాసం చదివితే అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు సందేహం. యాంటీ ఆక్సిడెంట్, యాంటీ క్యాన్సర్ అనే ఈ రెండింటినీ మనం ఎందుకు కవల పిల్లల్లా ఎప్పుడూ కలిపే తిప్పుతున్నాం? రాడికల్స్ డీఎన్ఏను దెబ్బతీస్తాయి, దెబ్బతిన్న డీఎన్ఏ వల్ల క్యాన్సర్ వస్తుంది, కాబట్టి రాడికల్స్‌ను చంపేది క్యాన్సర్‌ను ఆపుతుంది అనే లెక్క. వినడానికి బాగుంటుంది. మనుషుల మీద పెట్టి చూశారు. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లకు బీటా కెరోటిన్, విటమిన్ ఇ ఇచ్చి ఏళ్ల తరబడి గమనించారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో 18,314 మందితో నడిచిన కేరెట్ ప్రయోగాన్ని 1996లో మధ్యలోనే ఆపేశారు, అక్కడ 28 శాతం ఎక్కువ వచ్చింది. విటమిన్ ఇ వేసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువైందని సెలెక్ట్ ప్రయోగం 2011లో తేల్చింది. క్యాన్సర్ కణం కూడా తనను తాను రాడికల్స్ నుంచి కాపాడుకోవాలి కదా. మనం ఇచ్చిన యాంటీ ఆక్సిడెంట్ దానికీ కాపలా కాస్తుంది. రేడియేషన్ చికిత్స పనిచేసేదే చాలావరకు రాడికల్స్ పుట్టించి. ఒకే అణువు రాడికల్స్‌ను తుడిచేస్తూ క్యాన్సర్‌ను కూడా చంపుతుందని మీరంటే, ఎలా చంపుతుందో చెప్పే భారం మీదే.

సుబ్బారావుగారి దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఆయన బృందం ఇచ్చిన క్యాన్సర్ మందుకు యాంటీ ఆక్సిడెంట్ గుణంతో ఏ సంబంధమూ లేదు.

ఆయన అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో చనిపోయారు. పేగులు తిండిని పీల్చుకోలేని జబ్బు, దాంతో రక్తహీనత వస్తుంది. 1931లో లూసీ విల్స్ బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భవతులకు ఈస్టు సారం పెట్టి రక్తహీనత తగ్గించారు. ఆ సారంలోని పదార్థమే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. 1940లో లెడర్లీ కంపెనీలో చేరిన సుబ్బారావుగారు పెద్ద బృందాన్ని కూర్చి, దాన్ని వేరుచేసి, 1945 నాటికి కృత్రిమంగా తయారుచేయించారు. స్ప్రూకు మందు దొరికింది. అప్పటికి అన్నదమ్ములు పోయి పాతికేళ్లు దాటింది.

బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు లెడర్లీ నుంచి వచ్చిన ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలు ఇచ్చి చూశారు. మంచి విటమిన్ కదా, మంచే చేస్తుందనుకోవాలి. మజ్జలో జబ్బు పరుగందుకుంది. అక్కడ ఆయన బుద్ధి ఎదురుతిరిగి ఆలోచించింది. ఇది పెడితే జబ్బు పెరుగుతోందంటే, దీన్ని అడ్డుకుంటే?

అడ్డుకునే అణువు లెడర్లీలోనే తయారైంది. సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ 1947లో ప్రకటించారు. ఫోలిక్ ఆమ్లంలో నాలుగో స్థానంలోని ఆక్సిజన్ గుంపు తీసి అమైనో గుంపు పెట్టారు, అంతే. అమైనోప్టెరిన్. వాళ్ల దగ్గర ఎంటీటీ లేదు, 96 గుంటల ప్లేటు లేదు. ఫోలిక్ ఆమ్లం లేకపోతే పెరగలేని బ్యాక్టీరియా ఉంది. కొత్త అణువు వేస్తే పెరుగుదల ఆగింది. మళ్లీ ఫోలిక్ ఆమ్లం చేరిస్తే ఆ అడ్డు ఎంతవరకు తొలగుతుందో చూశారు. ఈ తిరుగు పరీక్షే నాకు ముద్దొస్తుంది. విషం ఏదైనా బ్యాక్టీరియాను ఆపుతుంది. ఫోలిక్ ఆమ్లంతో పోటీపడి ఆపుతున్నదో లేదో దీంతోనే తెలుస్తుంది. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌లోకి ఆ అణువు తాళంలో విరిగిన చెవిలా దూరి బయటికి రాదని శాస్త్రజ్ఞులు విడమరిచి చెప్పడానికి ఇంకో పదేళ్లు పట్టింది. నానోమోలార్ మోతాదులో పనిచేస్తుంది. మన చాల్కోన్లకు 50 మైక్రోమోలార్ వస్తే ‘శక్తిమంతమైన’ అని రాస్తున్నాం. రెండింటికీ మధ్య వెయ్యింతలకు పైగా తేడా.

1947 డిసెంబరు చివర్లో ఫార్బర్ మొదటి బిడ్డకు అమైనోప్టెరిన్ ఇచ్చారు. 1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వ్యాసం వచ్చింది. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. తాత్కాలికంగా తగ్గిందని వ్యాసం శీర్షికలోనే పెట్టారు. ఆ పిల్లలను జబ్బు మళ్లీ కమ్మేసింది. కానీ పిల్లలకొచ్చే అక్యూట్ ల్యుకేమియా కూడా మందుకు లొంగుతుందని ప్రపంచానికి మొదటిసారి తెలిసింది. ఆ జూన్‌లో ఇక్కడ తుంగతుర్తి, కరివిరాల పల్లెలు నిజాం మీద సాయుధ పోరులో ఉన్నాయి. భీమవరం బిడ్డ బృందం చేసిన మందు వార్త వినే తీరిక ఇక్కడ ఎవరికుంది? సుబ్బారావుగారు ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో, న్యూయార్క్ దగ్గర నిద్రలో పోయారు.

అమైనోప్టెరిన్‌కు ఒక మిథైల్ చేర్చగా వచ్చిందే మిథోట్రెక్సేట్. 1956లో లీ, హెర్ట్జ్ దాంతో కోరియోకార్సినోమాను నయం చేశారు. ఇప్పుడది మీ ఇళ్లలో కూడా ఉండవచ్చు. కీళ్లవాతానికి చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి రాస్తారు, దుష్ఫలితాలు తగ్గడానికి వేరే రోజు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు. ఒకే బృందం చేతి నుంచి వచ్చిన విటమిన్, దాని శత్రువు ఒకే చీటీ మీద. వారానికి రాసిన మిథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అమ్మకో నాయనమ్మకో ఆ మందు ఉంటే ఇంటికెళ్లి చీటీ ఒకసారి చదవండి.

ఇదంతా చెప్పి, క్యాన్సర్ పరీక్షలు పెద్ద సంస్థలకు వదిలేయండి అంటున్నానా? కొంతవరకు అవును. కణాలు పెంచడానికి శుభ్రమైన గది, కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్, రోజూ చూసుకునే మనిషి కావాలి. హైదరాబాద్‌లో ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి చోట్ల అవి ఉన్నాయి. మండల కేంద్రంలోని కాలేజీ ఆ పోటీకి దిగనక్కర్లేదు. అలాగని పదార్థాన్ని పొట్లం కట్టి అక్కడికి పంపి, తిరిగొచ్చిన అంకెలను కళ్లకద్దుకుని థీసిస్‌లో దించడం మాత్రం పరిశోధన కాదు. పంపేముందు శుద్ధత ఎంతో మీరే నిరూపించాలి, కణాల్లేని గుంట పెట్టమని రాతపూర్వకంగా అడగాలి.

మీ బల్ల మీదే చేయగల మంచి యాంటీ ఆక్సిడెంట్ పరీక్ష ఒకటి ఉంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల తవుడు మీకు దగ్గరే. తవుడు మిల్లులోంచి పడ్డ గంటల్లోనే అందులోని లైపేజ్ ఎంజైమ్ నూనెను ఆమ్లాలుగా విడగొట్టడం మొదలుపెడుతుంది; తర్వాత గాలిలోని ఆక్సిజన్ మిగతా పని చేసి కంపు పుట్టిస్తుంది. ఆ నూనెలో ఓరిజనాల్ అనే సహజ యాంటీ ఆక్సిడెంట్ ఉంది, నిలవకు కంపెనీలు బీహెచ్‌టీ లాంటి కృత్రిమ ఫినాల్స్ వాడతాయి. మీరు తయారుచేసిన ఫినాల్ ఉన్న చాల్కోన్‌కు ఇక్కడ అసలైన పని దొరుకుతుంది. ఎంత బాగా నెగ్గినా ఆ నూనె వంటకు కాదు, పరీక్షకే.

శుద్ధి చేసిన తాజా నూనె మూడు సీసాల్లో పోయండి. ఒకటి ఉత్తది. ఒకదాంట్లో కిలోకు 200 మిల్లీగ్రాముల లెక్కన బీహెచ్‌టీ. ఒకదాంట్లో అణువుల లెక్కన అంతే మీ పదార్థం. మూత లేకుండా 60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి. రెండు మూడు రోజులకోసారి కొద్దిగా తీసి, ఎసిటిక్ ఆమ్లం-క్లోరోఫాంలో కరిగించి, పొటాషియం అయొడైడ్ వేసి, విడుదలైన అయొడిన్‌ను థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయండి. పెరాక్సైడ్ విలువ వస్తుంది. బ్యూరెట్, స్టార్చ్, థయోసల్ఫేట్ మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లోవే. ప్రతి రీడింగూ మూడుసార్లు, నూనె లేని బ్లాంక్ తీసేసి రాయండి. రింగు మీద ఫినాల్ గుంపు స్థానం మార్చిన ఇంకో చాల్కోన్‌తో మళ్లీ చేయండి, ఫినాల్ లేని చాల్కోన్‌తో కూడా చేయండి. అది కూడా నూనెను కాపాడిందంటే, ఫినాల్ వల్లే నూనె నిలిచిందన్న మీ సిద్ధాంతం తప్పు, కారణం వేరే చోట ఉంది. బీహెచ్‌టీ సీసా కంటే మీ సీసాలో పెరాక్సైడ్ ముందే పెరిగితే ఆ అంకెలు కూడా పట్టికలో అలాగే ఉంచండి. వచ్చే ఏడాది ఈ బల్ల దగ్గరికి వచ్చే విద్యార్థికి రింగు మీద ఏ గుంపు పెట్టకూడదో దాన్ని చూస్తేనే తెలుస్తుంది.